నిశ్చింతగా జుట్టు చేతికివ్వండి

మంచి హెయిర్ స్టైలిస్ట్ అంటే ఎవరు? మనం చెప్పింది వినిపించుకోనివాడు!

నవ్వకండి. ఊరికే అనడం లేదు. ఈ తల మీద డెబ్బై ఆరేళ్లుగా నూనెలు, దువ్వెనలు, కత్తెరలు, మొట్టికాయలు అన్నీ పడ్డాయి. తలల సంగతిలో నా మాట కాస్త చెల్లుతుంది.

అడిగింది అడిగినట్టు కత్తిరించడం కూడా ఒక గొప్పేనా? ఆ మాత్రానికి కత్తెర చాలు, మనిషెందుకు? మనకేం కావాలో మనకంటే ముందు తెలిసినవాడే స్టైలిస్టు. మనం కుర్చీలో సర్దుకుని కూర్చునేలోపల మన సంగతి తేలిపోవాలి!

ఒకరి చేతికి జుట్టివ్వకూడదని పెద్దలు అంటారు. ఆ పెద్దలెవరూ సెలూన్ గడప తొక్కి ఉండరు.

మా వీధి చివరి టైపిస్టమ్మనే తీసుకోండి. "కొంచెం తియ్యి బాబూ" అంది. ఆమె కొంచెం గోరంత, అతని కొంచెం జానెడు. ఇంటికొస్తే పెంచుకున్న కుక్కే రెండు రోజులు మొరిగింది. ఎంత లాభమో చూడండి! కుక్క కాపలా కాస్తుందో లేదో తేలిపోయింది. మొగుడి సంగతీ తేలింది. ఆయన ఇంతవరకూ గమనించలేదు.

అన్నట్టు, మంచి స్టైలిస్టు ముందుగా మన జుట్టును తిట్టాలి. తిట్టకపోతే లేచి వచ్చెయ్యండి, పనిరానివాడని అర్థం. మా చెల్లెలి జుట్టు ఒకాయన రెండు వేళ్లతో, చచ్చిన ఎలకను ఎత్తినట్టు ఎత్తి, "ఎవరు మేడం ఇంత ఘోరంగా కట్ చేసింది?" అన్నాడట.

"మీరే నాయనా, పోయిన నెల."

"అప్పుడు మీ జుట్టు వేరు మేడం."

అదీ నిబ్బరమంటే! మన వంటలో ఉప్పెక్కువైతే మనం ఈ మాట అనగలమా, అప్పుడు మీ నాలుక వేరని?

ఇక నా సంగతికి వస్తాను. రెండేళ్లుగా నా కుడి చెయ్యి భుజం దాటి పైకి లేవదు. జడ వేసే పని కోడలి మీద పడింది. మంచి పిల్ల, విసుక్కోదు. ఎనిమిదింటికి ఆమె బస్సు. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, ఆఫీసులో ఎవరినో కేకలేస్తూ నా జడ అల్లుతుంది. కేక గట్టిదైతే పాయ కూడా గట్టిగా బిగుస్తుంది. వాళ్ల ఆఫీసులో పెద్ద తప్పు జరిగిన రోజున నా కళ్లు చెవుల దాకా సాగుతాయి!

అందుకని నాకొక్కటే కోరిక. ఎడమ చేత్తో నాలుగు దువ్వులు దువ్వితే అయిపోయేంత జుట్టు. పొద్దున లేస్తూనే ఎవరి ముందో వీపు పెట్టి కూర్చోనక్కర్లేనంత జుట్టు. ఆ మాటే దారి పొడుగునా వల్లె వేసుకుంటూ కోడలి వెంట సెలూన్‌కి వెళ్లాను.

కుర్చీలో కూర్చోబెట్టి మెడ దగ్గర్నుంచి మోకాళ్ల దాకా నల్లగుడ్డ కట్టారు. చేతులు లోపల, తల బయట. స్టైలిస్టు వచ్చాడు. అతని తల నున్నటి గుండు. ఎవరి చేతికీ జుట్టివ్వని తెలివైనవాడు! అద్దంలో నా తల మీదుగా వెనకాల నిలబడ్డ కోడలిని చూశాడు.

"అమ్మగారికి ఎలా చేద్దాం మేడం?"

"నాకు..." అన్నాను.

"ఫేస్ కొంచెం డల్‌గా ఉంది కదా, లేయర్స్ వేసి వాల్యూమ్ ఇద్దామా?"

"మీకెలా బాగుంటుందనిపిస్తే అలా చెయ్యండి. తొందరగా అయిపోతే చాలు" అంది కోడలు, ఫోనులో వేలు ఆడిస్తూ.

"బాబూ, నా ఎడమ చేత్తో..."

"కదలకండి బామ్మగారూ, చెవి తెగుతుంది!"

ఎంత సుఖమండీ! నా తల గురించి ఇద్దరు పెద్దమనుషులు మాట్లాడుకుంటుంటే మధ్యలో నాకేం పని? నన్ను బడి మాన్పించినప్పుడు ఎవరూ నన్నడగలేదు. పెళ్లి కుదిర్చినప్పుడు అడగలేదు. మొన్న ఈ భుజానికి ఆపరేషనా, మందులా అన్నప్పుడు కూడా డాక్టరు మా అబ్బాయినే అడిగాడు, భుజమేదో అతనిదైనట్టు! ఇన్నేళ్ల ఆనవాయితీ, ఒక్క జుట్టు దగ్గర తప్పితే బాగుంటుందా?

పని పూర్తయింది. అద్దంలో ఎవరో సభాధ్యక్షురాలు కూర్చుని ఉంది. "పదేళ్లు తగ్గిపోయారు" అన్నాడు గుండాయన. నిజమే కాబోలు, మర్నాడు తలస్నానం చేసేసరికి ఆ పదేళ్లూ తిరిగొచ్చాయి, వడ్డీగా ఇంకో అయిదు తీసుకుని. జుట్టంతా పాత చీపురులా నాలుగు దిక్కులకూ లేచి నిలబడింది. దాన్ని మళ్లీ దారికి తేవాలంటే ఒక చేత్తో గుండ్రటి బ్రష్ తిప్పాలట, రెండో చేత్తో వేడిగాలి మిషను పట్టాలట. రెండు చేతులూ తల మీదకి ఎత్తి!

వెనకటికి జడ పది నిమిషాల్లో అయ్యేది. ఇప్పుడు ఇరవై అయిదు. కోడలికి ఈ నెలలో రెండుసార్లు బస్సు తప్పింది.

"అత్తయ్యా, కాస్త తల వంచండి."

వంచాను.

"ఇంకాస్త."

ఇంకెక్కడికి వంచను తల్లీ, ఒళ్లోకొచ్చేసింది!

మనవరాలు పక్కన నిలబడి మెచ్చుకుంది. "నానమ్మా, సూపర్‌గా ఉన్నావు. తుమ్మకు మాత్రం, మళ్లీ మొదట్నుంచీ చెయ్యాలి."

రెండోసారి బస్సు తప్పినరోజు కోడలు గోడ గడియారం వంక చూసి, బ్రష్ బల్ల మీద పెట్టి, చెప్పులేసుకుని నడిచి వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది.

మర్నాడు ఆమె ఆఫీసుకు వెళ్లాక, నేనే తలుపు తాళం వేసుకుని, రెండు వీధులు మెల్లగా నడిచి సెలూన్‌కి వెళ్లాను. ఆ కుర్చీలోనే కూర్చున్నాను. గుడ్డ కట్టబోతే ఎడమ చెయ్యి బయటే ఉంచాను.

స్టైలిస్టు వచ్చాడు. నమస్కారం పెట్టాడు. అద్దంలో నా తల మీదుగా వెనక్కి చూశాడు. ఎవరూ లేరు. తలుపు వైపు చూశాడు. అక్కడా లేరు. కంగారుపడ్డాడు పాపం.

"మీతో ఎవరూ రాలేదా బామ్మగారూ?"

"తల వచ్చింది నాయనా. దాన్నడుగు."