డబ్బాలో పిట్ట, పొదలో పిట్ట

లచ్చిరాం అబద్ధమాడడని లచ్చిరామే చెబుతాడు. నిజం చెబుతాడని మాత్రం దమ్మపేట అవతల, అడవి అంచున ఉన్న వాళ్ల తండాలో ఎవరూ పూచీ పడరు.

బస్సు కండక్టరుగా ఉన్న రోజుల్లో టికెట్టు చింపేలోపు ఒక కథ, చిల్లర ఇచ్చేలోపు ఇంకో కథ చెప్పేవాడు. పులి చెయ్యెత్తి బస్సు ఆపిన కథ తల్లాడలో మొదలుపెడితే, అది ఎక్కి కిటికీ సీటు కోసం గొడవపడే చోటికి వచ్చేసరికి దిగాల్సినవాళ్ల ఊరు దాటిపోయేది. అప్పుడు గుర్తొచ్చి విజిల్ ఊదేవాడు. స్టేజీ దాటాక దిగి, మూటలు నెత్తిన పెట్టుకుని వెనక్కి నడిచిన జనం తిట్లతో అతని చెవులు రాటుదేలిపోయాయి.

రిటైరయ్యాక కథలు వినేవాళ్లు కరువయ్యారు. భార్య హేమ్లి ఉంది గానీ, ఆమె పెళ్లయిన ఏడే అన్నీ వినేసింది. "పులి టికెట్టు తీసుకున్నదా, లేదా? ముందు గది చెప్పు" అని ఆ పులిని నిలబడ్డచోటే చంపేసిన మనిషి.

అలాంటప్పుడు వచ్చాడు వజీర్ భాయ్. ఖమ్మంలో ఆయనది కళ్లద్దాల దుకాణం. వారమంతా జనానికి దగ్గరివి కనబడేలా చేసి, ఆదివారం దూరపు పిట్టలు చూపించడానికి వాళ్లనే అడవికి తోలుకొస్తాడు. తండా వెనక వాగు గట్టు చూసి ముచ్చటపడి, "భాయ్, దారి నువ్వు చూపెట్టు, పిట్టల సంగతి మేం చూసుకుంటం" అన్నాడు. లచ్చిరాం ఆ రోజే పాత విజిల్ వెతికి జేబులో వేసుకున్నాడు.

గైడయితే అయ్యాడు గానీ నోటి అలవాటు పోలేదు. పదిమందిని వెనకేసుకుని అడవిలో అడుగుపెట్టగానే, "ముందుకు జరగండి! ముందుకు జరగండి! డోర్ల నిలబడొద్దు!" అని కేకేసేవాడు. ఆ కేకకు మనుషులు కదిలేలోపే పిట్టలు ముందుకు జరిగి పక్క మండలంలో వాలేవి.

వచ్చేవాళ్లలో ముఖ్యుడు బసవపున్నయ్య. ఖమ్మంలోనే ఖానాపురం హవేలి పేటలో ఇల్లు కట్టుకున్న రిటైర్డ్ బ్యాంకు మనిషి. ఆయన కెమెరా గొట్టం చూసి తండాలో కుక్కలు కూడా చేతులెత్తేశాయి. అందరూ చాటుగా ఫిరంగి బసవపున్నయ్య అనేవాళ్లు. పొద్దున పిట్టల కష్టాలకు కళ్లొత్తుకునేవాడు. మధ్యాహ్నం హేమ్లి వండిన నాటుకోడి పులుసు రెండోసారి వడ్డించుకునేవాడు.

"సారూ, కోడి పిట్ట గాదా?" అని అడిగింది హేమ్లి ఒకసారి.

"అది మేం చూసే పిట్టల్లో లేదమ్మా" అన్నాడాయన, ఎముక వదలకుండా.

ఇక అసలు పిట్ట సంగతి. లచ్చిరాం చేను చివర, వాగు పక్కన ఒక తునికి పొద ఉంది. ఏటా తొలకరికి అక్కడికి పొన్నంగి పిట్ట వస్తుంది. పిడికెడు ఒంటి మీద పచ్చ, నీలం, ఎరుపు, పసుపు ఇంకా ఏవేవో రంగులు. తోక దగ్గరికి వచ్చేసరికి గుడ్డ చాలక దర్జీ ఆపేసినట్టుంటుంది. పొద్దున్నే, మళ్లీ పొద్దుగూకే ముందు తల వెనక్కి వాల్చి రెండు ముక్కల ఈల వేస్తుంది. ఆ పొద కొట్టేసి పామాయిల్ మొక్కలు పెడదామని లచ్చిరాం గొడ్డలి ఎత్తినప్పుడల్లా హేమ్లి గొడ్డలి మాయం చేసేది. "గా ఈల వినబడ్డంకనే నాకు వానాకాలం" అనేది.

ఈ ఏడు జంట వచ్చింది. పొదలో పుల్లలూ ఆకులూ పేర్చి బంతిలాంటి గూడు కట్టింది. హేమ్లి బర్రెకు గడ్డి కోసేటప్పుడు కూడా అటు పోవడం మానేసింది.

"పిల్లలు ఎగిరిందాక నీ పట్నపోళ్లను గా పొద కాడికి తోలుకపోకు. ఒట్టెయ్."

"నేనేమన్న పిచ్చోణ్ణా?"

"గదంతా ఇప్పుడెందుకు? ఒట్టెయ్."

లచ్చిరాం ఆమె నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టేశాడు.

ఆ ఆదివారమే వచ్చింది తంటా. పొద్దున్నుంచి తిరిగినా కాకులు తప్ప ఏమీ కనబడలేదు. లచ్చిరాం మాత్రం ప్రతి చెట్టు దగ్గరా ఆగి, నిన్న ఇక్కడే ఇంత పిట్టను చూశానని చేతులు చాచాడు. బసవపున్నయ్య ఫిరంగి దించి, "లచ్చిరాం గారూ, మీ అడవిలో అన్నీ నిన్ననే వచ్చిపోతయేందండీ? ఈ కాకుల కోసమైతే మా డాబా ఎక్కేటోణ్ణి" అన్నాడు. అందరూ నవ్వారు.

పులి కథకు నవ్వితే లచ్చిరాంకు సంబరం. నిజంగా చూసిన పిట్టకు కూడా నవ్వితే? తెల్లారేసరికి ఉపాయం తట్టింది. ఒట్టు వేసింది మనుషుల్ని పొద దగ్గరికి తీసుకుపోనని. పిట్టే మనుషుల దగ్గరికి వస్తే ఒట్టు ఎక్కడ తప్పినట్టు?

ఖమ్మం బజారుకు పోయి అరచేతిలో పట్టే బ్లూటూత్ స్పీకర్ డబ్బా కొన్నాడు. ఫోనులోకి పొన్నంగి ఈల దించుకున్నాడు. ఆదివారం తెల్లవారకముందే డబ్బాను కాలిబాట పక్క చెట్ల గుబురులో దాచాడు. జనం రాగానే, "నేను పిలుస్త, మీరు కదలకుండ్రి" అని గొంతు సవరించుకుని, జేబులో ఫోను నొక్కాడు.

పిట్ట రాలేదు, ఉరికొచ్చింది! పొలం గట్టు రాయి ఎవడో జరిపాడని తెలిసిన రైతులా వచ్చింది. రొమ్ము విరుచుకుని కొమ్మ కొమ్మకూ దూకింది, నేల మీద గెంతింది, తల వాల్చి ఈల మీద ఈల వేసింది. నా పొదలోకి వచ్చిన ఆ మగోడెవడని దాని గోల. ఆ మగోడేమో ప్లాస్టిక్ డబ్బా. దానికి ఆకలి లేదు, అలుపు లేదు.

ఫిరంగి ఆగకుండా పేలింది. "మీరు పిలిస్తే పిట్ట పలుకుతదండీ!" అని బసవపున్నయ్య లచ్చిరాం చేతులు పట్టుకున్నాడు.

"చిన్నప్పటి సంది దోస్తానా" అన్నాడు లచ్చిరాం.

ఆ మాట ఖమ్మమంతా పాకింది. తర్వాతి ఆదివారం రెండు బండ్ల జనం దిగారు. పొద్దున చూడలేనివాళ్ల కోసం సాయంత్రం, ఆదివారం కుదరనివాళ్ల కోసం వారం మధ్యలో, చివరికి చుట్టంచూపుగా వచ్చినవాళ్ల కోసం కూడా లచ్చిరాం జేబు నొక్కాడు. నొక్కినప్పుడల్లా పిట్ట ఉరికొచ్చింది.

"ఏందయ్యా, గా పిట్ట పొద్దంతా ఒర్లుతున్నది? పురుగు ఏరుకునేందుకు గూడ దిగుతలేదు" అంది హేమ్లి.

"సంతోషంతోని పాడుతున్నది."

"గట్టు పంచాయితీల మా తమ్మునితోని నువ్వు గొంతు పోయేదాక ఒర్లినవ్. అది గూడ సంతోషమేనా?"

లచ్చిరాం బర్రెకు నీళ్లు పెట్టాలన్న పని గుర్తొచ్చి లేచిపోయాడు.

మర్నాడు చూస్తే గుబురులో డబ్బా లేదు. ఆకు ఆకూ తిప్పి వెతికాడు. హేమ్లిని అడగాలంటే డబ్బా ఉన్నట్టు ఒప్పుకోవాలి. ఆమె కూడా ఏమీ అనలేదు, పైగా కోడికూర వండింది. లచ్చిరాంకు అప్పుడే అనుమానం రావలసింది.

మొదటి ముద్ద నోటి దగ్గరికి వెళ్లిందో లేదో, పశువుల కొట్టంలోంచి మగగొంతు వినిపించింది: "హేమ్లీ! అన్నం పెట్టు!"

ముద్ద ఆగిపోయింది. "ఎవడే వాడు?"

"ఎవడు? నాకేం వినబడలే. నువ్వు తిను."

లచ్చిరాం కర్ర పట్టుకుని ఉరికాడు. కొట్టంలో బర్రె తప్ప ఎవరూ లేరు. అది నెమరు ఆపి అతన్ని ఎగాదిగా చూసింది. తిరిగొచ్చి కూర్చున్నాడో లేదో మళ్లీ అదే గొంతు: "హేమ్లీ! నా లుంగీ యాడ పెట్టినవ్?"

ఈసారి గడ్డివాము చుట్టూ ఉరికాడు. ఉరుకుతుంటే తన లుంగీయే జారింది. ఒక చేత్తో దాన్ని, ఇంకో చేత్తో కర్రను పట్టుకుని మళ్లీ కొట్టంలోకి దూరేసరికి నెత్తిమీదనుంచే ఉరిమింది: "గీ ఇల్లు నాది! గా ముసలోడెవడు?"

"ఇల్లు నాదిరా! మొగోడివైతే బయటికి రా!" అని లచ్చిరాం గుండెలు బాదుకుంటూ అరిచాడు. గొంతు కీచుబోయేదాకా అరిచాడు. గస ఆపుకోలేక గడపలో కూలబడి చూస్తే పళ్లెం ఖాళీ. కుక్క మూతి నాక్కుంటోంది.

హేమ్లి నెమ్మదిగా కొంగు మాటునుంచి తన ఫోను తీసింది. తర్వాత కొట్టం చూరులోంచి డబ్బా తీసి అతని ముందు పెట్టింది. డబ్బాలో మోగిన, ముందే ఫోనులో పట్టి ఉంచిన గొంతు బామ్మర్ది రామ్‌సింగ్‌దని అప్పుడు తెలిసింది.

"అలిసినవా?"

లచ్చిరాం జారిన లుంగీ బిగించుకున్నాడు.

"ఒక్క పూటకే నీ కూర కుక్క తిన్నది. గా పిట్ట రోజూ ఇల్లిడిసి ఉరికింది. దాని గూట్ల ఏం మిగిలిందో చూద్దాం, నడువ్."

ఇద్దరూ పొద దగ్గరికి వెళ్లారు. గూడు ఒక పక్క చీలిపోయి ఉంది. కింద పెంకు ముక్కలు, వాటి చుట్టూ చీమలు. పాము వచ్చిందో కాకి వచ్చిందో, కాపలా ఉండాల్సినవాడు డబ్బాతో కొట్లాటకు పోయిన సమయం చూసుకుని వచ్చింది. ఎక్కడా ఈల లేదు. హేమ్లి కొంగు నెత్తిమీదికి లాక్కుని నిలబడింది.

ఆదివారం డబ్బాను అందరి ముందూ పెట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. వజీర్ భాయ్ కళ్లద్దాలు తీసి తుడిచి తుడిచి, "నేను గూడ అడగలే గద భాయ్, అది ఎందుకట్ల ఉరికొస్తున్నదని" అన్నాడు. బసవపున్నయ్య ఫిరంగికి మూత పెట్టేశాడు. ఆ మధ్యాహ్నం హేమ్లి వండిన పులుసు మొదటిసారి మిగిలిపోయింది.

తర్వాత వానలు పట్టాయి. ఒక సాయంత్రం తెరపి ఇచ్చినప్పుడు లచ్చిరాం చేనులో ఉండగా పొదలోంచి రెండు ముక్కల ఈల వినిపించింది.

అతనికి ఒళ్లు మండింది. "చాలియ్యి హేమ్లీ! బుద్ధి వచ్చిందని చెప్పిన గద! ఇంకెన్నాళ్లు ఆడిస్తవ్?" అని అరుచుకుంటూ వెళ్లి కర్రతో పొదను బాదాడు. డబ్బా ఎక్కడుందని ఆకులు కలియబెట్టాడు. అతని కాళ్ల పక్కనుంచి పచ్చగా, నీలంగా, కింద ఎర్రగా ఏదో లేచి వాగు దాటి అవతలి అడవిలోకి పోయింది. నోట్లో గూటికి తెచ్చుకున్న ఎండుటాకు కూడా ఉంది.

వెనక నుంచి గడ్డిమోపుతో హేమ్లి వచ్చింది. "ఎవరితోని కొట్లాట?"

"డబ్బా... డబ్బా యాడుంది?"

"ఇంట్ల గూట్ల పెట్టిన. చార్జింగ్ గూడ లేదు."

లచ్చిరాం కర్ర కింద పడేశాడు. ఆ రోజు చూసిన పిట్ట సంగతి ఎవరికీ చెప్పలేదు. అంత పెద్ద సంగతి లోపల పెట్టుకుని పడుకోవడం అతని జన్మలో అదే మొదటిసారి.

వానలు వెనకబట్టాక వజీర్ భాయ్ జనం మళ్లీ వచ్చారు. హేమ్లి కూడా వెంట వచ్చింది. వాగు గట్టు మీద నిలబడి ఉండగా అవతలి ఒడ్డునుంచి, ఎంతో దూరంనుంచి, సన్నగా ఈల వినిపించింది. ఒక్కరూ అడవి వైపు చూడలేదు. అందరూ లచ్చిరాం జేబు వైపు చూశారు.

లచ్చిరాం రెండు జేబులూ బయటికి లాగి చూపించాడు. తంబాకు డబ్బీ, పాత విజిల్, అంతే.

"నిజం పిట్టే" అంది హేమ్లి.

బసవపున్నయ్య ఫిరంగి మూత తీసి నీళ్లలో కాలు పెట్టాడు. లచ్చిరాం విజిల్ నోటి దాకా తీసుకుపోయి, మళ్లీ ఏమనుకున్నాడో దించేసి, చేతులు రెండూ అడ్డంగా చాచాడు.

"ఎవ్వరూ ముందుకు జరగొద్దు. ఉన్నకాడనే నిలబడుండ్రి" అన్నాడు, ఎన్నడూ లేనంత మెల్లగా.

అందరూ ఆగారు. ఈల ఇంకొకసారి వినిపించి ఆగిపోయింది. లచ్చిరాం మెచ్చుకోలు కోసం భార్య వైపు చూశాడు.

హేమ్లి ఖాళీ పొద వైపు చూస్తోంది.

"ఆపినవ్ తియ్" అంది. "ఎప్పటి తీర్గనే, స్టేజీ దాటినంక."