తెగులు పట్టని తీగ

ఆ ఉదయం రాజనర్సు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. బిడ్డ పెళ్లి చీరలకని నాసిక్ నుంచి సూరత్ వచ్చిన ద్రాక్షతోటల ఆసామి దేశ్‌ముఖ్‌ను, ఆయన వెంట వచ్చిన వైన్ కంపెనీ మేనేజరును బజారుకు పోకముందే పట్టుకోవాలి. బూజు, బూడిద తెగుళ్లు పట్టని కొత్తరకం ద్రాక్ష మొక్కలు చూపించాలి. "వీటికి మందే కొట్టనక్కర్లేదు సేఠ్" అనాలి. ఆర్డరు రాయించుకోవాలి. అంతే.

అంతే అంటాం గానీ, పాపం, అతని బతుకంతా ఆ ఆర్డరు మీదే ఉంది. సూరత్‌లోని భేస్తాన్‌లో ఇరవై ఏళ్లు సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేసి, చెవులు సగం పోయి, దగ్గు పూర్తిగా వచ్చి, "ఇగ సచ్చినా సాంచా ముట్ట" అని ఒట్టేసుకుని నర్సరీ ఏజెంటయ్యాడు. మూడు నెలల్లో ఒక్క మొక్కా కదల్లేదు. ఈసారీ ఉత్తచేతులతో వస్తే అసలు రానే వద్దన్నాడు నర్సరీ ఓనరు.

రేకుల ఇంటి వేడికి మాడిపోతాయని చూపించాల్సిన పది మొక్కలనూ బావమరిది రాజలింగం మగ్గాల షెడ్డులో నీడకు పెట్టాడు. వాటిని బయటికి తెచ్చి వరసగా పెట్టమని భార్య సమ్మక్కకు చెప్పి, అతిథులను తీసుకురావడానికి లాడ్జికి వెళ్లాడు.

గంట తర్వాత ఇద్దరినీ వెంటబెట్టుకుని వచ్చేసరికి మొక్కలు వరసగానే ఉన్నాయి గానీ, ఆకుల నిండా తెల్లటి పూత. దాని మీద పసుపుపచ్చ చారలు. పక్కనే సమ్మక్క, చేతిలో బకెట్టు.

"ఏందే ఇది?"

"నీ మొక్కలకు రోగమొచ్చిందయ్యా! తెల్లగ గనవడితే తెగులేనని రోజు పాఠం జెప్పింది నువ్వే గదా? పసుపునీళ్లు జల్లిన. నీ నౌకరి నిలవడాలె గదా!"

అతిథులకు అర్థమైందో లేదోనని అదంతా హిందీలో మళ్లీ చెప్పింది మహాతల్లి.

"తెగులు కాదు సేఠ్! సాంచాల దుమ్ము, గంజి పొడి!" అంటూ రాజనర్సు ఒక ఆకును బొటనవేలితో రుద్దాడు. పసుపునీళ్లకు తడిసిన గంజి ముద్దయి ఆకంతా పరుచుకుంది. ఇంకాస్త రుద్దితే ఆకే ఊడి చేతికొచ్చింది.

"బూడిద తెగులూ, పసుపు మచ్చలూ ఒకే ఆకు మీద నేనెప్పుడూ చూడలేదు. పోనీ, దీని వైన్ రుచి చూపించు" అన్నాడు మేనేజరు.

"ఇది గుజరాత్ సార్, ఈడ తాగుడు బంద్. వైన్ జూపిస్తే రేపు నన్ను జైల్ల జూడాలె."

"పండు?"

"రెండేండ్లకు కాస్తది సార్."

రాజనర్సుకు ఏడుపొక్కటే తక్కువ. అప్పుడు చివరి మొక్క కనబడింది. అన్నిట్లోకీ ఏపుగా ఉందని, దిష్టి తగులుతుందని సమ్మక్క దానికి మొదటి రోజే రాజలింగం మగ్గం మీది పల్చటి వల గుడ్డ చుట్టింది. రాజనర్సు ఆత్రంగా గుడ్డ లాగేశాడు. లోపల ఆకులు నిగనిగలాడుతున్నాయి.

"సూడుండ్రి సేఠ్! ఇదే మొక్క, ఇదే షెడ్డు! మచ్చ ఉన్నదా?"

దేశ్‌ముఖ్ మొక్కను చూడలేదు. గుడ్డను ఎండకెత్తి చూశాడు, లాగి చూశాడు.

"దీన్ని కాపాడింది ఈ గుడ్డ కదా భాయ్. నా గుత్తుల మీద కప్పితే పిట్ట కూడా ముట్టదు. తోట మొత్తానికీ కావాలి. ఎవరు నేస్తారు?"

"మా బావ ఉండంగ ఫికరేంది సేఠ్!" షెడ్డు గుమ్మంలోంచి రాజలింగం అరిచాడు. "ఇరవై ఏండ్ల చెయ్యి!"

"దేవుడు సల్లగ జూసిండు" అని సమ్మక్క కళ్లొత్తుకుంది. రాజనర్సు కూడా కళ్లొత్తుకున్నాడు, వేరే కారణానికి.

సోమవారం పొద్దున అతను మళ్లీ సాంచా ముందు నిలబడ్డాడు. ఇప్పుడు ద్రాక్షతోటలకు అతను నేసిన సరుకు బాగానే పోతోంది. దానికి ఏ తెగులూ పట్టదు, మందూ అక్కర్లేదు. మందు కావాల్సింది అతని దగ్గుకే.