తెల్లబోయిన కాగితం

ఆ ఉదయం ఫొటోగ్రాఫర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య లైబ్రరీ డ్యూటీకి వెళ్లగానే బాత్‌రూమ్‌లో చీకటి చేసుకుని, ఒక పాత స్లైడ్ నుంచి నేరుగా రంగుల ప్రింటు తీయాలి. సాయంత్రానికల్లా ఫ్రేము కట్టించాలి. ముప్ఫై ఏళ్లుగా ఊరందరికీ ఫొటోలు తీసిన మనిషికి అదొక లెక్కా?

ఎల్లుండి జరగబోయే ఆవిడ రిటైర్మెంట్ సభకి వారం కిందట లైబ్రరీవాళ్లు వయసులో ఉన్నప్పటి ఫొటో ఒకటి అడిగారు. ఇల్లంతా వెతికినా ఒక్కటీ దొరకలేదు. "లేదని చెప్పేశాను లెండి," అని ఆవిడ కూర తరగడానికి వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది అనిపించింది అతనికి. మర్నాడు అటక మీది పెట్టెలన్నీ దించితే అడుగున ఈ స్లైడ్, అట్ట చట్రంలో బిగించిన రంగుల ఫిల్ము ముక్క, దొరికింది. ఆవిడ నీలం గొడుగు, దాని కింద నవ్వుతూ పక్కకి తిరిగిన ముఖం. అతనికి ప్రాణం లేచొచ్చింది.

స్లైడ్ ప్రింట్ల కాగితం తయారీ ఎప్పుడో ఆగిపోయింది. అతని దగ్గర మిగిలినవి మూడే. మొదటిది కాస్త నల్లగా వచ్చింది. నెగెటివ్‌తో అయితే అలాంటప్పుడు వెలుగు తగ్గించాలి. చేతికి అలవాటైన పని కదా, తగ్గించేశాడు. స్లైడ్‌తో వ్యవహారం తలకిందులని, వెలుగు తగ్గితే ఇంకా నల్లబడుతుందని రెండోది బొగ్గులా బయటికొచ్చాక గాని గుర్తు రాలేదు. నెత్తి బాదుకుని మూడోదానికి వెలుగు సరిగ్గా ఇచ్చాడు. ఇక దాన్ని మందుతో కడిగే డబ్బాలో పెట్టి మూత బిగిస్తే లైటు వేసుకోవచ్చు. ఆ మూత కాస్తా చేతిలోంచి జారి ఎటో దొర్లిపోయింది.

కాగితాన్ని గుండెకు హత్తుకుని చీకట్లో నేలంతా తడుముతుంటే బకెట్టు ధన్‌మని పడింది. సరిగ్గా అప్పుడే ఆవిడ తలనొప్పిగా ఉందని, చెల్లెల్ని వెంటబెట్టుకుని ఇంటికి వచ్చింది.

"ఏమండీ! పడ్డారా?"

"తలుపు తీయకు! తీశావో, అంతా అయిపోయినట్టే!"

"అయిపోవడమేంటి? ఏం చేస్తున్నారు లోపల?"

"ఇప్పుడు చెప్పను. ఎల్లుండి నీకే తెలుస్తుంది!"

మరదలు ముక్కు ఎగబీల్చింది. "అక్కా, ఏదో మందు వాసన. తలుపు సందుల్లో గుడ్డలు కూడా కుక్కారు. బావగారి మాట నాకు తేడాగా ఉంది."

"పొద్దున నన్ను గుమ్మం దాకా వచ్చి సాగనంపారే! ఎప్పుడూ లేనిది!" ఆవిడ తలుపు దబదబా బాదింది.

"బావగారూ, ముందు లైటు వేయండి!"

"వేయను! నాకు చీకటే కావాలి!"

ఈ మాట విన్నాక ఎవరూరుకుంటారు? మరదలు పరుగున వెళ్లి పక్కింటి వడ్రంగిని పిలుచుకొచ్చింది. అతను పనిమంతుడు. రెండే దెబ్బలు. ఇవతల ఫొటోగ్రాఫర్ చేతికి మూత తగిలింది, అవతల గడియ ఊడింది. అంత వెలుగు తగిలిన కాగితం కడిగితే తెల్లగా తప్ప ఇంకోలా రాదు. కాగితం సంగతి తర్వాత, అతను మాత్రం అప్పుడే తెల్లబోయాడు.

తడినేల మీదే చతికిలబడి జరిగిందంతా చెప్పాడు. "ఇన్నేళ్లలో నీ ఫొటో తీసింది ఇదొక్కటే. దానికి మిగిలిన ఆఖరి కాగితాన్నీ చేజేతులా పాడుచేసుకున్నాను."

ఆవిడ కళ్లు తుడుచుకుంది. "ఏదీ, ఆ స్లైడ్ ఇలా ఇవ్వండి." కిటికీ వెలుగుకి పెట్టి చాలాసేపు చూసి చెల్లెలికి అందించింది.

మరదలు చూసి నాలిక కరుచుకుంది. "బావగారూ, గొడుగు అక్కదే. ముఖం మాత్రం నాది."

వడ్రంగి తనకేమీ పట్టనట్టు విరిగిన గడియ చూసుకుంటున్నాడు.

"మరి ఆ రోజు నువ్వెక్కడున్నావు?" అని భార్యని అడిగాడు ఫొటోగ్రాఫర్, మెల్లిగా.

"మీ పక్కనే. ఫ్లాష్ పట్టుకుని. మీరు తీసిన ప్రతిదానికీ నేనేగా పట్టుకున్నది."

వెలుగు ఎటునుంచి పడుతోందో చూసుకోవడమే వృత్తిగా బతికినవాడు ఆ పట్టుకున్న మనిషి వంక ఒక్కసారీ కెమెరా తిప్పలేదు. అతనికి సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. ఉన్నట్టుండి లేచాడు.

"ఉండు, కెమెరా తెస్తాను. ఇప్పుడే తీస్తాను."

"కూర్చోండి," అంది ఆవిడ. "ఫ్లాష్ ఎవరు పట్టుకుంటారు?"