గెలుపు ఫోటో

పోలింగ్ రోజు పొద్దున్నే ఏడింటికి ఫోటో, ఎనిమిదింటికి ఓట్లు, మర్నాటికి గెలుపు. వార్డు ఎన్నికలో మళ్లీ నిలబడ్డ బావగారి కోసం బావమరిది వేసిన పథకం ఇంతే. ఇరవై ఏళ్లుగా ఆ వార్డు బావగారిదే. పార్టీ పెద్దలంతా ఆయన వెనకే ఉన్నారు. గెలిచాక ఆ హడావిడిలో ఎవరూ ఒకచోట దొరకరు కనుక, పై నాయకత్వానికి పంపాల్సిన విజయోత్సవ ఫోటో ముందే తీయించేస్తే ఓ పనైపోతుందనుకున్నాడు. బావ గెలిస్తే అతనికి పార్టీ ఆఫీసు కార్యదర్శి పదవి ఖాయం. ఓడితే వేరే ఇల్లు చూసుకోమని అక్క ముందే చెప్పేసింది. ఐదేళ్లుగా వాళ్ల మేడగదిలో ఉంటున్న మనిషి, పాపం, ఆ మాటకు నిజంగానే భయపడ్డాడు.

పార్టీ ఆఫీసు ముందు ఐదు కుర్చీలు వేయించాడు. పెద్దలు తొమ్మండుగురు వచ్చారు. అక్కడే తిరకాసు పడింది. నిలబడాల్సి వచ్చిన మాజీ అధ్యక్షుడు అలిగి ఇంటికి వెళ్లిపోయాడు. అందరూ వెళ్లి, గడ్డం పట్టుకుని బతిమాలి తీసుకొచ్చారు. ఆయన్ని అభ్యర్థి పక్కన కూర్చోబెడితే, అప్పటిదాకా అక్కడ కూర్చున్న ఉపాధ్యక్షుడు లేచి నడిచాడు. బతిమాలే బృందం ఈసారి అటు బయల్దేరింది.

ఈలోగా ఎవరో, ఫోటోలో లేనివాళ్లని అవతలి పార్టీ మనుషులుగా లెక్కగడతారట అన్నారు. దాంతో ఓటర్లను తీసుకురావడానికి వీధుల్లోకి వెళ్లిన కార్యకర్తలు పని వదిలేసి పరుగెత్తుకొచ్చారు. వాళ్ల వ్యాన్లలోని ఓటర్లు కూడా, ఎందుకైనా మంచిదని, దిగి వెనక వరసలో నిలబడ్డారు.

మధ్యాహ్నం దాటాక బావమరిది బావగారి చెవిలో, "ముందు వెళ్లి ఓటేసి వద్దాం బావా," అన్నాడు.

"నేను లేస్తే ఈ కుర్చీలో ఎవరు కూర్చుంటారో నీకేం తెలుసు?" అన్నారు బావగారు.

అదీ నిజమే. ఆయన కదలలేదు కాబట్టి ఎవరూ కదలలేదు.

నాలుగూ నలభైకి ఫోటో పూర్తయింది. పోలింగ్ బూత్ రెండు వీధుల అవతలే. కానీ వ్యాను ముందు సీటు ఎవరిదో తేలేసరికి ఐదు దాటింది, బూత్ గేటు మూసేశారు. మర్నాడు లెక్కింపులో బావగారు పంతొమ్మిది ఓట్ల తేడాతో ఓడిపోయారు. ఫోటోలో ఉన్నది నూట పన్నెండు మంది.

"నువ్వైనా ఓటేశావా?" అని అడిగింది అక్క.

తమ్ముడు సిరా గుర్తు లేని వేలు వెనక్కి దాచుకున్నాడు. సామాను సర్దుకోమంది. మేడగదిలో పెట్టె కడుతుంటే అతనికి ఏడుపొచ్చింది.

తిలాపాపం తలా పిడికెడు అంటారు గానీ, ఇక్కడ పిడికెడు పుచ్చుకోవడానికి కూడా ఎవరూ సిద్ధంగా లేరు. చోటు కోసం కొట్టుకున్న పెద్దలే తమ మొహం చెరిపేయమంటూ ఫోటోగ్రాఫరు గుమ్మం ముందు బారులు తీరారు. అప్పటికే ఫోటో పై నాయకత్వానికి చేరిపోయింది. అందులో లేని మనిషిచేతనే విచారణ జరిపించమని అక్కణ్నుంచి ఆదేశం వచ్చింది. ఎంత వెతికినా అలాంటివాడు ఒక్కడే దొరికాడు. రోజంతా కుర్చీలు జరుపుతూ, అలిగినవాళ్ల వెంట తిరుగుతూ ఉండిపోయిన బావమరిది ఆ ఫోటోలో ఎక్కడా పడలేదు. విచారణకు హోదా ఉండాలి కనుక కార్యదర్శి పదవి కూడా ఇచ్చేశారు. కట్టిన పెట్టె అక్కే స్వయంగా విప్పింది.

కొత్త కార్యదర్శి వారం తిరక్కుండా నివేదిక ఇచ్చాడు. ఓటర్లలో చైతన్యం లేకపోవడమే ఓటమికి కారణమని తేల్చాడు.