మూడో వరుసలో బూడిదరంగు ఆఫీసు

"అధ్యాపకులే ఈ కళాశాలకు ఊపిరి!" అని మా డీన్ పెల్కీ గారు ప్రతి ఆగస్టులోనూ ప్రకటిస్తారు. మేమంతా చప్పట్లు కొడతాం. ఊపిరికి బల్లా కుర్చీ ఎందుకనుకున్నారో ఏమో, పార్ట్‌టైమ్ వాళ్ళకి గది మాత్రం ఇవ్వలేదు.

ఒహాయోలోని ఈ కమ్యూనిటీ కాలేజీలో పదకొండేళ్ళుగా వ్యాసరచన చెబుతున్నాను. ప్రతి టర్మ్‌కీ నన్ను కొత్తగా పెట్టుకుంటారు, టర్మ్ కాగానే మరిచిపోతారు. పర్మనెంట్ కావాలన్నది నా ఒక్కగానొక్క కోరిక. నిబంధన ప్రకారం విద్యార్థులను వారానికి రెండు గంటలు ఆఫీసులో కలవాలి, ఆ ఆఫీసు ఎక్కడో కోర్సు కాగితంలో రాయాలి. అబద్ధం రాయడం చేతకాక "పార్కింగ్, మూడో వరుస, బూడిదరంగు కారు" అని రాశాను.

ఏం చెప్పమంటారు, ఒకటే గిరాకీ! జనవరి మంచులో హీటరున్న ఆఫీసాయె. ముందు సీట్లో ఒకరు వ్యాసం చదువుతుంటే వెనక ముగ్గురు కామాలు దిద్దుకునేవారు. రెండు ఉద్యోగాలు చేసుకుంటూ చదివే యెసేనియా అయితే కాసేపు కునుకు తీసి, లేచి, బ్రహ్మాండమైన పేరా రాసేది.

ఇంతలో కాలేజీకి గుర్తింపునిచ్చే సంఘం తనిఖీకి వస్తోందని కబురు. పెల్కీ గారి గుండెల్లో రాయి పడింది. చీపుళ్ళ గది ఖాళీ చేయించి, తలుపు మీద నా పేరు టేపుతో అంటించారు.

"రోవీనా గారూ, ఒక్క పూట ఇందులో కూర్చుని నవ్వండి చాలు. ఇది గట్టెక్కితే పర్మనెంట్ పోస్టు వేయిస్తాను. నాదీ పూచీ."

దవడలు నొప్పెట్టేదాకా నవ్వాను. విద్యార్థి ఒక్కడూ రాలేదు! తనిఖీకొచ్చిన హాల్వర్సన్ గారు వరండా కిటికీలోంచి చూస్తే, మంచులో నా కారు దగ్గర ఇంత పొడుగు లైను. ఆవిడ దిగి వెళ్ళారు. వెనకాలే పెల్కీ గారు, ఆయన వెనక నేను.

"ఇది మా మేడమ్ ఆఫీసండీ. ఇవాళెందుకో తాళం వేశారు," అంది యెసేనియా.

నా పని అయిపోయిందనుకున్నాను. పెల్కీ గారు తెల్లబోయారు, అదీ ఒక్క క్షణమే. గొంతు సవరించుకుని, ఇది తమ సంచార కార్యాలయ పథకమనీ, రెండేళ్ళ పరిశోధన ఫలమనీ సెలవిచ్చారు. హాల్వర్సన్ గారు తన నివేదికలో దాన్ని ఒక పేజీ నిండా మెచ్చుకున్నారు.

మహానుభావుడు, మాట నిలబెట్టుకున్నారు! పర్మనెంట్ పోస్టు వేయించారు: సంచార కార్యాలయాల డైరెక్టర్. ఎగిరి గంతేసి దరఖాస్తు పెట్టాను. జవాబు ఒక్క ముక్కే: అభ్యర్థికి కార్యాలయ నిర్వహణలో అనుభవం లేదు. ఏడుపొచ్చింది. కారులోనే ఏడ్చాను, ఇంకెక్కడ ఏడుస్తాను?

పోస్టు ట్రెంబ్లే గారనే కొత్తాయనకి వచ్చింది. పాపం మంచివాడే. రెండు గదుల ఆఫీసు, ఒక సహాయకురాలు. కారు నడపడం రాదు, బస్సులో వస్తాడు. సోమవారం నాడు నా కారు అద్దం తట్టాడు.

"మేడమ్, పథకం గురించి మొదటి నివేదిక రాశాను. కాస్త తప్పులు దిద్దిపెడతారా? డీన్ గారు మిమ్మల్నే అడగమన్నారు."

"లైన్లో రండి సార్, మీ ముందు ఐదుగురం ఉన్నాం," అంది వెనక సీట్లోంచి యెసేనియా.

బుద్ధిగా మంచులో నిలబడ్డాడు. తన వంతు రాగానే కారెక్కి, కాగితం నా చేతిలో పెట్టాడు. "పార్ట్‌టైమ్ అధ్యాపకులందరికీ సొంత ఆఫీసు కల్పించిన ఘనత మన కళాశాలదే" అని ఉంది.

ఎర్ర కలం పట్టుకుని రెండుసార్లు చదివాను. వాక్యంలో ఒక్క తప్పూ దొరకలేదు.