అయిదు మీటర్ల ఐకమత్యం

ఇంజనీరమ్మ ఆ పొద్దున పెట్టుకున్న పని ఒక్కటే. నూనె ఫ్యాక్టరీలో ఒకే పైపు మీద వరసగా ఉండి, పారే నూనెని కొలిచే అయిదు మీటర్ల చేతా ఒకే మాట చెప్పించాలి. మొదటి మీటరు వంద అంటుంటే మిగతా నాలుగూ తొంభై ఏడు దాటేది లేదని మొండికేస్తున్నాయి. సాయంత్రం యజమాని వచ్చేలోగా లెక్క కుదరకపోతే రేపట్నుంచి రానక్కర్లేదన్నాడు మేనేజరు. ఇంట్లో జీతం తెచ్చేది ఆవిడొక్కతే.

గుమ్మంలో అత్తగారు ఆపింది. "అమ్మాయ్, వారం నుంచీ నీ చెప్పుల నిండా నూనే. నువ్వు ఉద్యోగానికెళ్తున్నావా, గానుగలో దిగి తొక్కుతున్నావా?"

"ఇప్పుడు చెప్పుల సంగతా అత్తయ్యా?" అని ఆవిడ బస్సు కోసం పరుగెత్తింది.

"నాలుగు ఒక మాట మీదున్నాయి. తప్పు మొదటిదేనేమో సార్" అంది ఫ్యాక్టరీలో మేనేజరుతో.

"అది యజమాని ముచ్చటపడి కొన్నది. దానికి తప్పు చెప్పడం రాదు. మిగతావాటిని సరిచేయించు."

స్క్రూడ్రైవర్ బాబాయి అని అందరూ పిలిచే మెకానిక్ రెండో మీటరుని తిప్పి వందకి తెచ్చాడు. దాంతో మూడోది తేడాగా కనబడింది. దాన్నీ తిప్పాడు. తర్వాత నాలుగు, అయిదు. మధ్యాహ్నానికి కంప్యూటరు తెర మీద అన్నీ వందే. మేనేజరు ఆవిడకి టీ తెప్పించాడు.

టీ చల్లారకముందే ట్యాంకరు డ్రైవరు వచ్చాడు. "మీ మీటరు నిండిందంటోంది, కాటా తక్కువంటోంది. ఎవర్ని నమ్మమంటారు?"

"కాటా తప్పు. బాబాయ్, దాని సంగతి చూడు" అన్నాడు మేనేజరు.

బాబాయి కాటా మూత విప్పుతుండగానే యజమాని కారు దిగాడు. డ్రైవరు కేకలు విని, తన ముద్దుల మీటరునే సాక్ష్యం అడుగుదామని పైపు వెంట విసవిసా నడిచాడు. మొదటి మీటరు దాటగానే కాలు జారింది. వెల్లకిలా పడ్డవాడి నుదుటి మీద పైపు నుంచి బొట్టు బొట్టుగా నూనె రాలింది.

మొదటి మీటరుకీ రెండోదానికీ మధ్య పైపుకి చిల్లు. పొద్దున అయిదు మీటర్లూ నిజమే చెప్పాయి.

ఇంజనీరమ్మ గోడకి చేరగిలబడింది. "బాబాయ్, ఇదివరకు ఏ మీటరు స్క్రూ ఎక్కడుండేదో గుర్తుపెట్టావా?"

"తప్పు మీటర్లే కదమ్మా, గుర్తెందుకని..."

నడుం పట్టుకుని మూలుగుతూనే యజమాని మేనేజరుకి ఆజ్ఞ ఇచ్చాడు. "ఈవిణ్ణి మాత్రం తీసెయ్యకు. చెడగొట్టినావిడే బాగుచెయ్యాలి. అంతవరకూ ఆదివారాలు కూడా రమ్మను."

చీకటి పడ్డాక ఇంటికొస్తే అత్తగారు గుమ్మంలోనే ఉంది. "ఉద్యోగం ఉందా?"

"ఉందత్తయ్యా. అదే నా ఖర్మ."

"సరే, చెప్పులు బయట విడువు."

ఫ్యాక్టరీలో పోయిన నూనెని మొట్టమొదట పట్టుకున్న అత్తగారికి ఏ మీటరూ లేదు.