తాటిపుంతకు నమ్మకమైన వించి

చక్రం కనిపెట్టిన మహానుభావుడు ఎవరో గానీ, మర్నాడే దాన్ని బురదలో దింపి ఉంటాడు. మూడో రోజున దాన్ని బయటికి లాగడానికి ఒక సంఘం ఏర్పాటై ఉంటుంది. నాగరికత అంటే ఇదే. (ఆ చక్రం ఎప్పుడు బయటపడిందో చరిత్రలో లేదు. సంఘం మాత్రం ఇప్పటికీ ఉంది.)

అమలాపురంలో ఆ సంఘాన్ని ‘దిగబడు వాహనముల ఉద్ధరణ సాధనముల ఎంపిక సంఘం’ అంటారు. దానికి ఒక గది, ఒక ఫ్యాను, ఒక బోర్డు ఉన్నాయి. బోర్డు గదికన్నా పొడుగు కావడంతో చివరి రెండక్షరాలు పక్క ఆఫీసు గోడ మీదకు వెళ్లాయి. పక్క ఆఫీసువారు అభ్యంతరం పెట్టి ఏడాదయింది. అది కూడా పరిశీలనలోనే ఉంది.

పుల్లేటిలంకలో ప్రసూతి జీపు నడిపే దానం గారికి ఈ సంఘంతో పని పడింది. ముమ్మిడివరం దాటి ఏటిగట్టు దిగితే తాటిపుంత వస్తుంది. అటూ ఇటూ కొబ్బరితోటలు, మధ్యలో మూడు ఫర్లాంగుల మట్టిదారి, దాని చివర ఊరు. వేసవిలో అది దారే. తొలకరి పడిందంటే ఒండ్రు. జీపు నాలుగు చక్రాలూ కలిసి తిరిగే రకం. తాటిపుంతలో ఆ నాలుగూ ఎంతో ఐకమత్యంగా ఒకే చోట తిరుగుతాయి. అప్పుడు నూకయ్య గారు పదమూడు మందిని వెంటబెట్టుకుని, కొబ్బరిపీచు మోకు భుజాన వేసుకుని వస్తారు. మోకు బంపరుకు కట్టి, ఆయన లెక్క చెబుతుంటే అందరూ లాగుతారు. నూకయ్య గారికి అరవై ఎనిమిదేళ్లు. ఒకప్పుడు కాలవ గట్టు మీద నడుస్తూ పడవలు లాగిన భుజాలవి. ఇప్పుడు లాగిన ప్రతిసారీ రెండు రోజులు నడుం పట్టేస్తోంది.

కిందటేడు వానల్లో సత్యశ్రీ అనే అమ్మాయికి పుంత మధ్యలో, జీపులోనే కానుపైంది. తల్లీబిడ్డా క్షేమం. (జనన ధ్రువపత్రం కోసం పుట్టిన చోటు ‘జీపు’ అని రాస్తే, ఆ సమయంలో వాహనం కదులుతోందా ఆగి ఉందా అని అడిగారు. కదలడానికి ప్రయత్నిస్తోంది అని రాసి ఇచ్చారు.) ఇంక ఇలా కుదరదనుకుని దానం గారు అమలాపురం వెళ్లి తెలిసిన మెకానిక్కుని అడిగారు. అతను వించి చూపించాడు. బంపరుకు బిగించే యంత్రం. బండి దిగబడితే దాని తాడు లాగి ఎదురుగా ఉన్న చెట్టుకు కట్టి, మీట నొక్కితే చాలు, బండి తనను తానే బయటికి లాక్కుంటుంది.

ఏది మంచిదో తెలుసుకోవడానికి దానం గారికి ఒక్క పూట పట్టింది. బండి బరువుకు ఒకటిన్నర రెట్లు లాగగలగాలి. మోటారులోకి నీళ్లు దూరకూడదు. ఉక్కుతీగ తెగితే కొరడాలా కొడుతుంది కనక నైలాన్ తాడే ఉండాలి. ఈ మూడూ ఒక కాగితం మీద రాసి, సంఘం గదిలో ఇచ్చి వచ్చారు. ఏ పూట పని ఆ పూటే చెయ్యడం వల్ల జరిగే అనర్థం ఏమిటో ఆయనకు తర్వాత తెలిసింది.

సంఘం కార్యదర్శి సాయిదుర్గాప్రసాద్ గారు చాలా మర్యాదస్తులు. ఇంతవరకూ ఎవరికీ కాదని చెప్పలేదు. దానం గారి కాగితంలో ‘నమ్మకమైన వించి ఇప్పించగలరు’ అన్న మాట చూసి ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మొదటి సమావేశం మొత్తం ఆ మాట మీదే జరిగింది. నమ్మకం ఎవరికి ఉండాలి? వించి మీద డ్రైవరుకా, డ్రైవరు మీద వించికా, వీళ్లిద్దరి మీదా సంఘానికా? మూడు నెలల తర్వాత ‘నమ్మకమైనది అనగా ఇంతవరకు చెడిపోనిది’ అని తీర్మానించారు. దాంతో కొత్త వించీలన్నీ పోటీ నుంచి తప్పుకున్నాయి. ఇంకా వాడనివి చెడిపోవని ఎవరు చెప్పగలరు?

రెండో సమావేశంలో కంపెనీవారి రంగుల పుస్తకం చూశారు. అందులో ఒక ఎడారి, ఎడారిలో ఒక జీపు, దాని పక్కన నల్లకళ్లద్దాలు పెట్టుకుని కండలు తిరిగిన మనిషి. ఆ కళ్లద్దాలు వించితో పాటు వస్తాయా, డ్రైవరే తెచ్చుకోవాలా అని కంపెనీకి లేఖ రాశారు. మూడో సమావేశంలో నైలాన్ తాడు మాట వచ్చింది. కోనసీమలో ఉండి, కొబ్బరిపీచు పరిశ్రమ పక్కన పెట్టుకుని నైలాను ఏమిటని ఒక సభ్యుడు నొచ్చుకున్నారు. యంత్రం అక్కడిది, తాడు ఇక్కడిది కావాలని రాశారు. (యంత్రం ఆ మోకును ఒక్క చుట్టు చుట్టుకునేసరికే దానికి ఊపిరాడదని దానం గారు మనవి చేశారు. మనవి జతపరచబడింది.)

నాలుగో సమావేశంలో అసలు చిక్కు వచ్చింది. పుస్తకంలో మనిషి తాడు తీసుకెళ్లి బండరాయికి కట్టాడు. కోనసీమలో బండరాయి ఎక్కడుంది? ఉన్నదల్లా కొబ్బరిచెట్టు. కాబట్టి చెట్టు యజమాని అంగీకారపత్రం తేవాలన్నారు. పుంత పక్క తోట సత్యనారాయణమూర్తి గారిది. ఆయన దానం గారిని అరుగు మీద కూర్చోబెట్టి, బొండం కొట్టించి ఇచ్చి, అంతా విని సంతోషించారు.

“దానికి నన్నడగాలేంటండీ, మీదే చెట్టనుకోండి. కాకపోతే ఆ చెట్టు కాదండి, నెలకి పాతిక కాయ దిగుతుంది. ఆ పక్కది కట్టుకోండి.”

ఆ పక్కది కరెంటు స్తంభం.

ఇలా పదకొండు నెలలు గడిచాయి. మళ్లీ వానలు దగ్గర పడ్డాయి. ఈలోగా దానం గారమ్మాయి సుప్రియ పురుటికి పుట్టింటికి వచ్చింది. డాక్టరమ్మ జులై రెండో వారం అన్నారు. ఆ మాట విన్న దగ్గర్నుంచి దానం గారికి ఇంట్లో కేలండరు చూడాలంటే భయం. భార్య మార్తమ్మ, నెల ముందే ముమ్మిడివరంలో ఆస్పత్రి దగ్గర గది తీసుకుందామంది. సుప్రియ ఒప్పుకోలేదు. ఊళ్లో అందరమ్మాయిలూ వెళ్లే జీపులోనే తనూ వెళ్తానంది. నాన్న నడుపుతుంటే భయమెందుకంది. ఆ నమ్మకానికి ఆయనకు పొంగిపోవాలో ఏడవాలో తెలియలేదు.

జూన్ నెలాఖరులో శుభవార్త. సంఘం తాటిపుంతకు స్వయంగా వస్తోంది. నిబంధన పదకొండు ప్రకారం, వాహనం దిగబడటం సంఘం కళ్లారా చూస్తే అక్కడికక్కడే మంజూరు. దానం గారు ఎగిరి గంతేసినంత పని చేశారు. నూకయ్య గారి దగ్గరికి వెళ్లి, వించి వచ్చాక మీరు గట్టు మీద కూర్చుని చుట్ట కాల్చుకుంటూ చూడాలండీ అని మాటిచ్చారు. రేపు పది గంటలకు పెద్దవాళ్లు వస్తున్నారని ఊరంతా చెప్పి, తెల్లారగానే వారిని తీసుకురావడానికి జీపేసుకుని వెళ్లారు. పుంత మోకాలి లోతు బురదతో కళకళలాడుతోంది. వెళ్లేటప్పుడే రెండుసార్లు దిగబడి, ఎలాగో బయటపడి, ఆయన తృప్తిగా నవ్వుకున్నారు.

సాయిదుర్గాప్రసాద్ గారిని, సభ్యులను ఎక్కించుకుని తిరిగొచ్చి గట్టు దిగేసరికి దానం గారు బ్రేకు వేశారు. తాటిపుంత లేదు. దాని మీద కొబ్బరిమట్టలు పరిచి, మట్టల మీద కొబ్బరి పీచు డొక్కలు పోసి, డొక్కల మీద ఇసక చల్లి, పెళ్లివారి వీధిలా తీర్చి పెట్టారు. మొదట్లోనే నూకయ్య గారు, పదమూడు మందీ, తుడుచుకున్న కాళ్లతో, చేతుల్లో బొండాలతో నిలబడి ఉన్నారు.

దానం గారు దిగి నూకయ్య గారిని పక్కకు లాగి ఇదేం పనండీ అన్నారు. నూకయ్య గారు ఆశ్చర్యపోయారు.

“పెద్దోరు మనూరు వత్తుంటే బురదలో దింపుతామాండీ? మన మర్యాదేం కానండీ?”

దానం గారు మళ్లీ స్టీరింగు పట్టుకుని, దేవుణ్ణి తలుచుకుని, కావాలనే జీపును మట్టల మీంచి పక్కనున్న బురదలోకి తిప్పారు. ఇరుసు దాకా దిగింది. ఆయన ప్రాణం లేచొచ్చింది. అంతలోనే పద్నాలుగు మందీ పరిగెత్తుకొచ్చి, అతిథులు లోపలుండగానే జీపును పూలపల్లకీలా ఎత్తి మట్టల మీద పెట్టేశారు. చక్రాలకు అంటిన బురద కూడా కడిగారు. కార్యదర్శి గారు గడియారం చూసి ‘నాలుగు నిమిషాల పది సెకన్లు’ అని రాసుకున్నారు.

“సార్, ఈ మట్టలు ఇవాళే ఏసేరండి. రేపు తీసేత్తారండి” అన్నారు దానం గారు.

“ఎందుకు తీసేస్తారండీ? శుభ్రంగా ఉంది కదా.”

“వంటచెరుకండి. ఎవరింటి మట్టలు ఆళ్లు పట్టుకెళ్లిపోతారండి.”

సాయిదుర్గాప్రసాద్ గారు జాలిగా తలూపారు. పరిశీలన రోజున ఉన్న స్థితే స్థితి అని నిబంధన. రేపటి స్థితి చూడాలంటే రేపటికి వేరే దరఖాస్తు పెట్టుకోవాలి. తర్వాత పనసపొట్టు కూరతో భోజనం చేసి, ఊరి మర్యాదను నోరారా మెచ్చుకుని వెళ్లారు. మర్నాడు ఉదయం కల్లా మట్టలన్నీ ఎవరి పొయ్యి దగ్గరికి వారివి చేరిపోయాయి. పుంత మళ్లీ పుంతైంది.

జులై తొమ్మిదిన మధ్యాహ్నం, ముసురు పట్టి ఉండగా, సుప్రియకు నొప్పులు మొదలయ్యాయి. మార్తమ్మ కూతుర్ని వెనక సీట్లో ఒడిలో పడుకోబెట్టుకుంది. పుంత సగానికి వచ్చేసరికి జీపు దిగబడింది. దానం గారు పద్దెనిమిదేళ్ల సర్వీసులో అంత భయపడలేదు. వెనక కూతురి మూలుగు వినబడుతోంది, చక్రాలు తిరుగుతున్నాయి, బండి కదలదు. అద్దం మీది వాన తుడిచే పుల్లలకు ఉన్న పాటి ఉపయోగం కూడా తనకు లేదనిపించి, ఆయనకు కళ్లమ్మట నీళ్లొచ్చేశాయి.

అప్పుడు వానలోంచి నూకయ్య గారి గొంతు వినిపించింది. పద్నాలుగు మందీ నడుం లోతు ఒండ్రులో దిగారు. మోకు బిగిసింది. నూకయ్య గారు లెక్క చెప్పారు, లాగారు, మళ్లీ చెప్పారు, మళ్లీ లాగారు. నలభై నిమిషాలు. చివరి లాగుడికి జీపు గట్టెక్కింది. నూకయ్య గారు మాత్రం మోకుతో పాటు బురదలో కూలబడ్డారు. లేవబోయి లేవలేక, పోండి పోండి అని చెయ్యి ఊపారు.

ఆస్పత్రి గుమ్మంలో అడుగు పెట్టిన పావుగంటకు ఆడపిల్ల పుట్టింది. దానం గారు మనవరాలి వేళ్లు లెక్కపెట్టి, మళ్లీ లెక్కపెట్టి, ఆ సంతోషంలోనే జీపు లాగ్‌బుక్కు పూర్తి చేశారు. ‘వాహనం గమ్యం చేరినదా?’ అన్న చోట ‘అవును’ అని రాశారు. అబద్ధం రాయడం ఆయనకు చేతకాదు. (‘ఎలా చేరినది?’ అన్న గడి ఆ పుస్తకంలో లేదు.)

రెండు వారాలకు సంఘం ఉత్తర్వు వచ్చింది. దానం గారు దాన్ని తీసుకుని నూకయ్య గారింటికి వెళ్లారు. ఆయన ఆ రోజు నుంచీ మంచం మీదే ఉన్నారు, నడుముకు వేడి ఇసక కాపడం పెడుతున్నారు. దానం గారు మంచం పక్కన పీట వేసుకుని పైకి చదివారు.

‘పరిశీలనలోను, తదుపరి లాగ్‌బుక్కు ప్రకారమును, తాటిపుంతలో ప్రస్తుతమున్న ఏర్పాటు ఇంతవరకు చెడిపోలేదని రుజువైనది. తీర్మానం ఒకటి ప్రకారం నమ్మకమైన వించికి కావలసిన అర్హత దీనికి మాత్రమే ఉన్నది. తాడు కొబ్బరిపీచుది. చెట్టుకు కట్టనవసరం లేదు. కనుక నూకయ్య మరియు పదమూడు మందిని తాటిపుంత వించిగా ఎంపిక చేయడమైనది. హామీ కాలం పదేళ్లు. సాధనమును తడి తగలని చోట ఉంచవలెను. ఏ భాగమైనను మరమ్మతుకు వచ్చిన యెడల, సదరు భాగమును అదే జీపులో ముమ్మిడివరం తరలించవలెను.’

నూకయ్య గారు అంతా విని, సర్కారువారు మన పేరు కాగితంలో ఎక్కించేరాండీ అని మురిసిపోయారు. గట్టు మీద కూర్చోబెడతానని దానం గారు మాటిచ్చిన మనిషి ఈయన. ఆస్పత్రిలో చూపిస్తానంటే నూకయ్య గారు వద్దొద్దన్నారు. దానం గారు వినలేదు. ఉత్తర్వులో ఉందండీ అని బతిమాలి, ఆయన్ను మెల్లగా లేపి, జీపు ముందుసీట్లో తలగడ దన్నుపెట్టి కూర్చోబెట్టారు. బయట మళ్లీ వాన మొదలైంది.

జీపు తాటిపుంతలో యథాప్రకారం దిగబడింది. సాధనం నడుం పట్టుకుని, తలుపు తీసుకుని కిందికి దిగింది.